ఆపేసిన హీటరు

కువైట్‌లో ఎండాకాలం చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పితే ప్రాణం కుదుటపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదేం తలకిందుల దేశమో అనిపిస్తుంది గానీ కారణం తేలికే. నీళ్ళ ట్యాంకు మేడ మీద ఎండలో ఉడుకుతూ ఉంటుంది. హీటరు ఇంట్లో, ఏసీ చల్లదనంలో ఉంటుంది. అందుకని ఎండలు ముదరగానే అందరూ హీటరు స్విచ్చి కట్టేస్తారు. మేడ మీంచి దిగిన మరుగునీళ్ళు ఆ ఆపేసిన హీటరులో నిలవుండి గోరువెచ్చబడతాయి. వాటితో స్నానం చేస్తారు. ఎవరు కనిపెట్టారో గానీ ఎంత తెలివైనవాళ్ళో అని నేనూ మొదట్లో మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మెప్పు వెనక్కి తీసుకున్నాను.

మాది కాకినాడ. సాల్మియాలో ఒక ఇండియన్ స్కూల్లో బయాలజీ చెప్పేదాన్ని. మా ఆయన షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్సు చూసేవారు. తెల్లారకుండా కంపెనీ బస్సెక్కితే పొద్దుగూకాక దిగేవారు. ఇంకా చేతిఫోన్లు అందరి చేతుల్లోకీ రాని రోజులు. ఆ వేసవి మేం ఇండియా వెళ్ళలేదు. ఇంట్లో గోడలు చూసుకుంటూ కూర్చోలేక ఒక ట్యూషన్ ఒప్పుకున్నాను. మా ఫ్లాటుకి రెండు వీధుల అవతల ఒక కువైటీల ఇల్లు. ఆ ఇంటి పెద్దమ్మాయి బయాలజీ తప్పింది. సెలవులయ్యాక మళ్ళీ పరీక్ష రాయాలి.

ఆ పిల్ల నన్ను అబ్లా అనేది. అంటే అక్కడి భాషలో టీచరమ్మ. పిల్ల మంచిదే, బుర్ర కూడా ఉంది, కానీ చదువంటే పుస్తకంలో వాక్యాలని వరసగా మింగి పరీక్ష హాల్లో వరసగా కక్కడమే అనుకునేది. ఆ ఏడాది తప్పకుండా వస్తుందని వాళ్ళ స్కూల్లో చెప్పిన ప్రశ్న ఒకటుంది: మారుతున్న పరిసరాలకి బాక్టీరియా ఎలా అలవాటు పడతాయి? కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పేది. వేడి పెరిగితే కొన్ని గట్టి పెంకు కట్టుకుని పడుకుంటాయి, గాలి అందకపోతే ఇంకో రకంగా ఊపిరి తీసుకుంటాయి, విషం తగిలితే జిగురు ఊరబెట్టుకుని దాని కింద దాక్కుంటాయి. అర్థమైందా అంటే, "అర్థం కూడా రాయాలా అబ్లా?" అనేది. ఆ మాటకి నాకు తల బాదుకోవాలనిపించేది.

ఆ ఇంట్లో పనికి ఉన్నది మన తెలుగమ్మాయి. రాయచోటి దగ్గర పల్లె. ముప్ఫయ్యేళ్ళ లోపే ఉంటుంది. నేను మొదటిరోజు వాళ్ళింటి ఫోన్‌లో మా ఆయనతో తెలుగులో మాట్లాడుతుంటే టీ కప్పు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అక్కా, తెలుగోళ్ళా మీరు? అబ్బ, తెలుగు మాట చెవినబడి ఎన్నాళ్ళాయనో! ఈ ఇంట్లో నాతో నేనే మాట్లాడుకుంటాండా" అంది.

మాటకారి. నవ్వితే ఇల్లంతా వినపడేది. అక్కడి పనివాళ్ళందరిలాగే ఇంటావిడని మామా అని, అంటే అమ్మ అని, పిలిచేది. మామా కూడా చెడ్డ మనిషని చెప్పను. నాకు ఖర్జూరాలు పెట్టేది, పిల్లలకి ఏం తెచ్చినా ఈ పిల్లకీ ఒకటి తెచ్చేది. కాకపోతే శుభ్రం పిచ్చి. సోఫాల మీద తెల్లటి గుడ్డలు, గుడ్డల మీద ప్లాస్టిక్ కవర్లు. బ్లీచ్ సీసా ఆవిడ చేతిలో పూజారి చేతిలో పంచపాత్రలా ఎప్పుడూ ఉండేది.

వాసన మొదలైంది జూలైలో.

ఎంత మర్యాదగా రాద్దామన్నా కుదరదు. అది కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నేను పాఠం చెబుతున్న గదిలోకి రాయచోటి అమ్మాయి టీ తెచ్చి వంగగానే గుప్పుమని తగిలింది. స్నానం చేసి వచ్చినట్టుంది, తడిజుట్టు ముడేసుకుని ఉంది. ఆ ముడిలోంచే వచ్చింది. నా ముక్కు దానంతటదే ముడుచుకుపోయింది. నా పక్కనున్న పిల్ల సిగ్గూ లేదు శరమూ లేదు, పుస్తకం ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయి చూసింది. ట్రే అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది.

తర్వాత మామా నన్ను హాల్లో కూర్చోబెట్టి తన గోడు వెళ్ళబోసుకుంది. సగం ఇంగ్లీషు, సగం అరబ్బీ. "రీహా, టీచర్, రీహా!" అంటూ ముక్కు పట్టుకుంది. రీహా అంటే వాసన. ఈ పిల్ల కడిగిన దోసకాయల్లో వాసన, నానబోసిన బియ్యంలో వాసన, ఈ పిల్ల స్నానం చేసిన బాత్రూమ్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు. చెయ్యి పెట్టిన ప్రతిదీ కంపే. "మీ దేశం మనిషి కదా, మీరు చెప్పండి, ఒంటికి ఏం రాస్తుంది? ఏం తింటుంది?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. మా దేశం మనిషి అన్నందుకు కాదు, మా దేశంలో మనుషులకి ఇలాంటి వాసన మామూలే అన్నట్టు అడిగినందుకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్నానం చేస్తే గానీ వంటింట్లో అడుగుపెట్టొద్దని హుకుం వేశానని కూడా చెప్పింది. వచ్చే శుక్రవారం తమ అక్కచెల్లెళ్ళంతా భోజనానికొస్తారట. ఆలోగా వాసన పోకపోతే, ఖలాస్, మక్తబ్‌కి తిప్పి పంపేస్తానంది. మక్తబ్ అంటే పనివాళ్ళని తెచ్చిపెట్టే ఆఫీసు.

ఆ సాయంత్రం నేను వస్తుంటే ఆ అమ్మాయి వెనక వాకిట్లో, బట్టలారేసే చోట నన్ను పట్టుకుంది. ఎండ ఇంకా నిప్పులు చెరుగుతోంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడింది.

"అక్కా, నేను కంపు కొడ్తాండానా? నిజం చెప్పు, నీకు దండం పెడ్తా."

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. దగ్గరికెళ్ళి ఆ ముడి దగ్గర వాసన చూశాను. "అవునమ్మా, వస్తోంది" అన్నాను. "కానీ అది ఒంటి వాసన కాదు. ఏ మనిషి ఒంట్లోంచీ ఈ వాసన రాదు. ఎక్కడినుంచో నీకు అంటుకుంటోంది."

ఆ పిల్ల వినలేదు. అవును అన్న మాట దగ్గరే ఆగిపోయింది. "పోసుకుంటానే ఉండానక్కా. సబ్బు రుద్ది రుద్ది చూడు చర్మం ఎట్లా లేచిపోయిందో. పోసుకునేకొద్దీ ఎక్కువైతాంది. నా లోపలేమన్నా కుళ్ళిపోతాందేమో అక్కా? రాత్రిళ్ళు కంపేమన్నా ఉందా అని నా చేతులు నేనే మూచ్చూసుకుంటాండా. మా ఊరి ఆడోళ్ళు ఈ దేశంలో వీధికొకరు ఉండారు. కంపు కొడ్తాందని తరిమేసినారంట అని వారం దిరక్కముందే ఊర్లో చెప్పుకుంటారు. దొంగతనం చేసిందన్నా మేలే. దొంగనన్నా మనిషని అనుకుంటారు."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని. తన చేతులవైపు ఏదో పరాయి వస్తువుని చూసినట్టు చూసుకుంది. నాకు ఒక్కసారిగా ఆ ఇంటిమీదా, ఆ ఎండమీదా, నా చదువుమీదా కూడా అసహ్యం వేసింది. బాక్టీరియా గురించి పేజీలకి పేజీలు చెబుతాను, ఇంట్లో ఒక మనిషి కుళ్ళిపోతున్నానని భయపడుతుంటే కారణం చెప్పలేను. ఎందుకు ఈ డిగ్రీలు, తగలెయ్యడానికా?

మర్నాడు ముందుగా వెళ్ళి ఆ అమ్మాయి బాత్రూమ్ చూపించమన్నాను. వంటింటి వెనక అగ్గిపెట్టంత గది. నా అనుమానమంతా నీళ్ళు పోయే మోరీ మీదే. ఇనప జల్లెడ మూత పైకి తీసి కడ్డీతో కెలికితే లోపలినుంచి వెంట్రుకలు, సబ్బు తెట్టె, ఏదో గులాబిరంగు జిగట కలిసి ఒక ఉండలా లేచొచ్చింది. థూ! దాన్ని చూసి మూడు రోజులు నేను సేమ్యా తినలేకపోయాను. ఆ ఉండని పారేసి, బకెట్టెడు బ్లీచ్ పోయించాను. గది తళతళలాడింది. ఈతకొలనులా వాసనొచ్చింది. ఆ అమ్మాయి మొహం కాస్త తెరిపిన పడింది. "పాయె అక్కా, పీడ వదిలిపాయె" అంది. పనైపోయిందని నేను చేతులు దులుపుకున్నాను. సాయంత్రం మామా ఆజ్ఞ ప్రకారం ఆ అమ్మాయి రెండో స్నానం చేసి బయటికొచ్చింది. వాసన మళ్ళీ అంతే. పైగా ఈసారి బ్లీచ్ కూడా కలిసి ఇంకా దరిద్రంగా ఉంది.

మామా నా వంక చూసి భుజాలెగరేసింది. చూశారా, బాత్రూమ్ కడిగినా పోలేదు, కాబట్టి మనిషిలోనే ఉంది అని ఆ చూపుకి అర్థం. నేనే వెళ్ళి ఆ పిల్ల మీద కేసు బిగించినట్టయింది. మోరీలో చెయ్యి పెట్టి పైకి తీసిన దానికంటే నాకు ఆ చూపే ఎక్కువ రోత పుట్టించింది.

అసలు సంగతి మా ఇంట్లో బయటపడింది. మా ఫ్లాటులో రెండు బాత్రూమ్‌లు. ఉన్నదిద్దరమే కనక రెండోదాంట్లో చీపుళ్ళూ అట్టపెట్టెలూ పడేసి ఉండేవి. దాని హీటరు మే నెలలో కట్టేశాక ఆ కుళాయి మొహం చూసినవాళ్ళు లేరు. బుధవారం సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి నేను మొదటి బాత్రూమ్‌లో ఉన్నాను. ఆయన ఆగలేక అట్టపెట్టెలు జరిపి రెండోదాంట్లో దూరారు. నిమిషం తిరక్కుండా తువ్వాలు చుట్టుకుని కేకలేస్తూ బయటికొచ్చారు.

"ఏంటే ఇదీ! ఇంట్లో ఏం చచ్చింది? నీళ్ళు కంపు, నేను కంపు!"

"అయ్యో, ఆ ఇంటినుంచి నేనే అంటించుకొచ్చానేమోనండీ!" అన్నాను. నిజంగానే అలా అనిపించింది. అంటే ఆ వాసన మనిషికి జబ్బులా అంటుకుంటుందని, చదువుకున్న నేను, ఒక క్షణం నమ్మాను.

"ఆయ్! అంటుకోడానికి అదేవైనా కలరానా? కాకినాడ కుంభాభిషేకం రేవులో ఎండుచేపల మధ్య పెరిగినదానివి, ఈ వాసనకే ఇంత బెంబేలా? వచ్చి చూడు, కుళాయిలోంచి వస్తోంది!"

వెళ్ళాను. చన్నీళ్ళ కుళాయి, అంటే మేడ మీది మరుగునీళ్ళ కుళాయి తిప్పాను. పొగలు కక్కుతూ వచ్చాయి, వాసన లేదు. వేణ్ణీళ్ళ కుళాయి, అంటే ఆపేసిన హీటరుది, తిప్పాను. గోరువెచ్చగా, మెత్తగా వచ్చాయి. గుడ్డు వాసన భళ్ళున కొట్టింది. నేను కుళాయి కట్టెయ్యలేదు. ఆ కంపులో నిలబడి నవ్వాను. మా ఆయన నాకు పిచ్చెక్కిందనుకున్నారు.

వంటా వార్పూ వదిలేసి కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటే విడిపోయింది. ఆ దేశంలో కుళాయి నీళ్ళు సముద్రపు నీటిని కాచి తీసినవి, వాటిలో కొంచెం భూమిలోని ఉప్పునీరు కలుపుతారు. ఆ ఉప్పుల్లో గంధకం ఉంటుంది. పురుగు చావడానికి వేసిన క్లోరిన్ మేడ మీది ట్యాంకులో ఎండకి ఎగిరిపోతుంది. ఇక కాపలా లేని నీళ్ళు వచ్చి హీటరులో నిలవుంటాయి. చలికాలం అదే హీటరు సలసలా కాగుతుంది కనక బాక్టీరియా చాలామటుకు చస్తాయి. చావనివి అడుగున పేరుకున్న సున్నపు బురదలో పెంకు కట్టుకుని పడుకుంటాయి. వేసవిలో మనమే స్విచ్చి కట్టేసి, చీకటి ఇచ్చి, వెచ్చదనం ఇచ్చి, నెలల తరబడి కదపకుండా ఉంచుతాం. పడుకున్నవి లేస్తాయి. ముందు జిగురు ఊరబెట్టేవి గోడలకి పట్టుకుంటాయి. ఆ జిగురు పొర కింద గాలి ఆడదు. గాలి లేనిచోటే బతకనేర్చినవి అక్కడ చేరి, నీళ్ళలోని గంధకపు ఉప్పుతో ఊపిరి తీసుకుంటాయి. అవి వదిలే ఊపిరే కుళ్ళిన గుడ్డు వాసన. తుప్పు పట్టకుండా హీటరు లోపల వేలాడదీసే మెగ్నీషియం కడ్డీ కూడా వాటికి మేతే. మన ఇంట్లో, మన ఖర్చుతో, మన తెలివితో వాటికి సత్రం కట్టిపెట్టాం. ఇన్ని విద్యలు నేర్చిన వాటిని చూసి ఆశ్చర్యపోవాలని పుస్తకాల్లో రాస్తారు. నాకు ఆశ్చర్యం రాలేదు, వాంతి వచ్చింది.

ఆ ఇంట్లో వంటింటికీ, ఆ అమ్మాయి బాత్రూమ్‌కీ కలిపి ఒకటే పెద్ద పాత హీటరు. గిన్నెలకి వేణ్ణీళ్ళు మంచివని ఆ పిల్ల మేడ మీది నీళ్ళ కుళాయే వాడేది. చల్లటి నీళ్ళు కావలసినవి మూడే: దోసకాయలు కడగడం, బియ్యం నానబొయ్యడం, తన స్నానం. సరిగ్గా ఆ మూడింట్లోనే వాసన. ఇంట్లోవాళ్ళ బాత్రూమ్‌లకి కొత్త హీటర్లు, పిల్లలు రోజంతా నీళ్ళు వాడుతూనే ఉంటారు కనక అక్కడ నిలవ లేదు. మామా స్నానం చెయ్యమన్నకొద్దీ ఈ పిల్ల ఆ కంపులోనే మునిగి తేలింది. కుళాయి దగ్గర కంపు తగిలినా అది తన ఒంటిదే అనుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

గురువారం పొద్దున్నే పరిగెత్తాను. మామా ఒప్పుకోలేదు.

"హీటరా? హీటర్ ఆపేసి ఉంది కదా, టీచర్!" అంది, ఏడో ఎక్కం తప్పు చెప్పిన పిల్లని చూసినట్టు చూస్తూ. "ఆగిపోయిన వస్తువు చెడిపోవడమేమిటి?"

"ఆపేశారు కాబట్టే చెడింది!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. లాభంలేదని రెండు గాజు గ్లాసులు తెచ్చాను. రాయచోటి అమ్మాయిని వంటింట్లోంచి బయటికి పంపేసి, కుళాయిలు నేనే తిప్పి ఒకదాంట్లో మేడ మీది నీళ్ళు, రెండోదాంట్లో హీటరు నీళ్ళు పట్టి, మామా ముక్కు ముందు పెట్టాను. మొదటిది చూసి ఏమీ లేదంది. రెండోదానికి తల వెనక్కి విసిరేసి, "యా రబ్బీ!" అని సింకు పట్టుకుంది.

"ఆ పిల్ల బయటుంది. ఈ గ్లాసు ముట్టుకోలేదు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆవిడ ఇంట్లో ఆవిడమీద అరిచిన మొదటి పంతులమ్మని నేనే అయ్యుంటాను.

సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపునుంచి హిందీ మాట్లాడే మెకానిక్‌ని పిలిపించారు. వచ్చి హీటరు అడుగున ఉన్న బిరడా తిప్పితే చుక్క నీరు రాలేదు. తీగ పెట్టి పొడిచాడు. ముందు ఒక చప్పుడొచ్చింది, ఎక్కువ తిన్నవాడు తేన్చినట్టు. తర్వాత వచ్చింది ఆ సరుకు. నల్లటి చీమిడి. తెగదు, సాగుతుంది. మధ్యమధ్య సున్నపు పెళ్ళలు, బూడిదరంగు పొరలు, కడ్డీ తాలూకు తెల్లటి పిండి. బకెట్టులోకి జారి, దానంతటదే సర్దుకుని కూర్చుంది. కంపు ఇల్లంతా కమ్మేసింది. మెకానిక్ కండువా ముక్కుకి కట్టుకుని, "యే హీటర్ నహీ మేడమ్, యే తో నాలీ హై" అన్నాడు. హీటరు కాదు, మురిక్కాలవ అని.

నా శిష్యురాలు తొంగి చూసి, నోరు మూసుకుని బాత్రూమ్‌కి పరిగెత్తింది. మామా తలగుడ్డ కొంగు ముక్కుకి నొక్కుకుని, "మేం తిన్నాం... ఆ బియ్యం తిన్నాం..." అని గొణుగుతోంది. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. రాయచోటి అమ్మాయిని పిలిచి, "ఇన్నాళ్ళూ నాకు టీ ఏ నీళ్ళతో పెట్టావే?" అని అడిగాను.

"ఆ కుళాయివేనక్కా. బియ్యానికి పట్టినప్పుడే టీకీ పట్టుకుంటాండా, ఏ నీళ్ళైనా ఎట్లనూ కాగుతాయి కదా అని."

కాగితే వాసన ఎగిరిపోతుంది, నిజమే. కాగితే చాలామటుకు చస్తాయి, అదీ నిజమే. చచ్చినవాటిని నేను వేసవంతా యాలకులు వేసుకుని గుటకలు వేశాను! ఛీ ఛీ, ఎన్నిసార్లు పుక్కిలించానో ఆ రోజు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా యాలకుల టీ ఇస్తే వద్దంటాను. మర్యాదలేదనుకుంటే అనుకోనీ.

ఇంతా అయ్యాక మామా మొదట అన్నమాట ఏమిటో తెలుసా? బకెట్టువైపు చూపించి ఆ అమ్మాయితో, "యల్లా, కానివ్వు, ఇది పారబోసి, శుభ్రంగా స్నానం చేసి రా" అంది. పొరపాటైంది అనలేదు, నిన్ననవసరంగా అన్నాను అనలేదు. ఆ అమ్మాయి చీమిడి బకెట్టు రెండు చేతులా మోసుకెళ్ళి వెనక వీధిలో పారబోసింది. మొహం అటు తిప్పుకోలేదు. దారి పొడుగునా దాన్నే చూస్తూ నడిచింది. అది తన లోపలిది కాదని కళ్ళారా చూసుకోవాలనిపించిందేమో.

సాయంత్రానికి కొత్త హీటరు బిగించారు. వేసవైనా అప్పుడప్పుడూ స్విచ్చి వేసి బాగా కాచి వదలమని, నీళ్ళు నిలవుంచొద్దని నేను మామాకి నూరిపోశాను. మా ఇంట్లోనూ అదే పని చేశాం. మా శిష్యురాలికి ఆ ప్రశ్నకి జవాబు ఇంక బట్టీ పట్టే అవసరం లేకపోయింది. "రాస్తుంటే బకెట్ కనిపిస్తోంది అబ్లా" అంటూ ముక్కు చిట్లించుకుని తన మాటల్లో రాసి చూపించింది. బాగా రాసింది.

శుక్రవారం చుట్టాలొచ్చే ముందు నన్నూ భోజనానికి రమ్మన్నారు. నాకు వెళ్ళాలని లేదు, ఆ ఇంట్లో ముద్ద దిగుతుందని నమ్మకం లేదు. ఆ అమ్మాయి ఉంటుందో పోతుందో తెలుసుకుందామని వెళ్ళాను. హాలంతా దీపాలు, పళ్ళేల నిండా మిఠాయిలు. రాయచోటి అమ్మాయి కొత్త గౌను వేసుకుని గ్లాసులు తుడుస్తోంది. పక్కనుంచి వెళితే సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. "ఉండమనింది అక్కా" అంది మెల్లగా. నాకు మనసు తేలికపడింది. కానీ ఆ పిల్ల మొహంలో సంతోషం వెతికితే దొరకలేదు.

అంతలో మామా లోపలినుంచి వచ్చింది. చేతిలో బంగారు మూత సీసా. ఖరీదైన అత్తరు, తను వాడుకునేదే. ఆ అమ్మాయి చేతిలో పెట్టి, బుగ్గ మీద ముద్దుగా తట్టి, అరబ్బీలో ఏదో చెప్పింది. చెప్పినంతసేపూ నవ్వుతూనే ఉంది. నాకు ఆ మాటలు సగమే అర్థమయ్యాయి: ఇది నీకు బహుమతి, బాగా పూసుకో, వచ్చేవాళ్ళ ముందు, రోజూ పూసుకో.

హీటరు విప్పి చూపించాం. గ్లాసులు ముక్కు ముందు పెట్టి చూపించాం. నల్లటి చీమిడి కళ్ళముందు బకెట్టులో కూర్చుంది. అయినా ఆవిడ ముక్కులో ఆ పిల్ల వాసన అలాగే ఉంది. మనిషి మీద ఒకసారి వేసిన ముద్ర ముందు ఆ హీటరులో పురుగులెంత? ఏ బ్లీచూ దాన్ని వదిలించలేదు. బకెట్టు చూసినప్పుడు కూడా నాకంత వెగటు కలగలేదు.

రాయచోటి అమ్మాయి సీసా చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. "షుక్రన్ మామా" అంది. గ్లాసు కింద పెట్టి, వంటింటి వెనక తన బాత్రూమ్‌లోకి వెళ్ళింది. ఏదో అనుమానమొచ్చి నేనూ వెనకాలే వెళ్ళాను. వంగి, మోరీ మీది ఇనప మూత తీసింది. సీసా మూత విప్పి, బోర్లించింది. గబగబా పొయ్యలేదు. ఆఖరి చుక్క వరకూ ఓపిగ్గా వంచి పట్టుకుంది. గులాబీలూ ఊదుకట్టెలూ కలిసిన వాసన వంటిల్లు దాటి హాల్లోకి పోయింది.

వాసనకి మామా వచ్చింది. ఖాళీ సీసా చూసింది, మోరీ చూసింది. "అత్తరేది?" అంది.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. తనకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, తలెత్తి, మామా కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"రీహా హమ్మామ్, మామా. అనా లా."

వాసన బాత్రూమ్‌ది మామా, నాది కాదు.

ఈ మాటతో పంపించేస్తారనుకున్నాను. హాల్లోంచి చుట్టాలు పిలుస్తున్నారు. రాయచోటి అమ్మాయి మోరీ మూత సరిగ్గా పెట్టి, చేతులు కడుక్కుని, ఖాళీ సీసా చెత్తబుట్టలో వేసి, గ్లాసులు తుడవడానికి బయల్దేరింది. గుమ్మం ఇరుకు. మామా అడ్డంగా నిలబడి ఉంది. ఆ పిల్ల ఆగి చూస్తూ నిలబడింది. పక్కకి తప్పుకున్నది మామాయే.